సెలైన్ శాతాలు, కణాల తీరు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

పలచని ద్రావణం వైపు నుంచి చిక్కని ద్రావణం వైపు నీరు త్వచం గుండా వెళ్లడాన్ని ద్రవాభిసరణం అంటారని పాఠశాలలోనే చదువుకుంటాం. ఆ ఒక్క వాక్యం ఆసుపత్రిలో వేలాడే సెలైన్ సీసా దాకా వచ్చేసరికి ఎన్నో సందేహాలు పుట్టిస్తుందని ఈసారి వచ్చిన ఉత్తరాలు చెబుతున్నాయి. ఒకే రకమైన ప్రశ్నలను కలిపి, జవాబులను ఇక్కడ ఇస్తున్నాం. ఇవి విషయం అర్థం కావడానికి రాసినవి. ఏ రోగికి ఏ ద్రావణం ఎక్కించాలన్నది ఆ రోగిని చూస్తున్న వైద్యులు తేల్చవలసిన విషయం.

ప్రశ్న: 0.9% సోడియం క్లోరైడ్ ద్రావణం రక్తానికి ఐసోటానిక్ (అంటే అందులో రక్తకణాలు ఉబ్బవు, ముడుచుకోవు) అని మా పుస్తకంలో ఉంది. లెక్క వేస్తే లీటరుకు 308 మిల్లీఆస్మాల్స్ (కరిగిన అణువులు, అయాన్ల మొత్తం లెక్క) వస్తోంది. రక్తరసం ఆస్మోలాలిటీ (కిలో నీటికి కట్టిన అదే లెక్క) 275 నుంచి 295 వరకే అని అదే పుస్తకంలో మరో పేజీలో ఉంది. రెండూ ఎలా నిజమవుతాయి? (బి.ఎస్సీ. విద్యార్థిని)

జవాబు: మీ లెక్కలో తప్పు లేదు. 0.9% అంటే లీటరులో 9 గ్రాముల ఉప్పు. సోడియం క్లోరైడ్ అణుభారం 58.44 కాబట్టి 9 గ్రాములు 154 మిల్లీమోల్స్ అవుతాయి. అవి నీటిలో సోడియం అయాన్లుగా, క్లోరైడ్ అయాన్లుగా విడిపోతే 154, 154 కలిసి 308. అయితే ఈ లెక్క వెనుక ఒక ఊహ దాగి ఉంది. విడిపోయిన ప్రతి అయానూ మిగతా వాటితో సంబంధం లేనట్టు స్వేచ్ఛగా తిరుగుతుందని మనం అనుకున్నాం. నిజానికి ధన, రుణ అయాన్ల మధ్య ఆకర్షణ ఉండడం వల్ల ఈ గాఢత దగ్గర ద్రావణం దాదాపు 93% అయాన్లు ఉన్నట్టుగా మాత్రమే ప్రవర్తిస్తుంది. దీన్నే ఆస్మాటిక్ గుణకం అంటారు. 308ని 0.93తో గుణిస్తే 286 వస్తుంది, అది రక్తరసం పరిధికి నడిమధ్యన ఉంటుంది. ప్రయోగశాలలో ఆస్మోమీటరు ఈ రెండో అంకెనే చూపిస్తుంది, ఎందుకంటే అది కాగితం మీద లెక్క వేయదు, ద్రావణం ఎన్ని డిగ్రీల దగ్గర గడ్డకడుతుందో కొలుస్తుంది. కిలో నీటిలో ఒక ఆస్మాల్ కరిగి ఉంటే ఘనీభవన స్థానం 1.86 డిగ్రీల సెల్సియస్ తగ్గుతుంది. రక్తరసమూ 0.9% సెలైనూ రెండూ సున్నాకు అర డిగ్రీ పైచిలుకు దిగువన గడ్డకడతాయి.

సోడియం గురించి కూడా ఇలాంటి అనుమానమే రావచ్చు. రక్తరసంలో సోడియం లీటరుకు 140 మిల్లీమోల్స్ ప్రాంతంలో ఉంటే సెలైన్‌లో 154 ఉంది కదా అని. రక్తరసం ఘనపరిమాణంలో నీరు 93% మాత్రమే, మిగతాది ప్రోటీన్లూ కొవ్వులూ ఆక్రమించిన చోటు. ఆ నీటి వరకే లెక్క కడితే సోడియం గాఢత 150 దాకా ఉంటుంది. నిజంగా పొసగనిది క్లోరైడు. రక్తరసంలో అది సుమారు 100, సెలైన్‌లో 154. ఆ సంగతి మరో ప్రశ్నలో వస్తుంది.

ఈ 0.9 ఎక్కడి నుంచి వచ్చిందని కూడా మీరు అడిగారు. 19వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో డచ్ శరీరక్రియా శాస్త్రవేత్త హార్టోగ్ యాకోబ్ హాంబర్గర్ ఎర్ర రక్తకణాలను రకరకాల గాఢతల ఉప్పు ద్రావణాల్లో ఉంచి, ఎక్కడ అవి పగులుతాయో, ఎక్కడ నిలుస్తాయో పరిశీలించారు. మనిషి రక్తానికి సరిపడే గాఢతగా 0.9% ఆయన పరిశోధనల నుంచే ప్రచారంలోకి వచ్చింది. అంతకు ముందే 1832లో కలరా రోగుల సిరల్లోకి ఉప్పు నీటిని ఎక్కించిన స్కాట్లాండ్ వైద్యుడు థామస్ లాటా వాడిన ద్రావణం రక్తం కంటే చాలా పలచన. ఏ గాఢత క్షేమమో చెప్పే కొలత ఆ కాలానికి ఇంకా లేదు.

ప్రశ్న: ఆస్మోలారిటీ అన్నా టానిసిటీ అన్నా ఒకటేనని కొందరు చెబుతున్నారు. పరీక్షల్లో మాత్రం వేర్వేరుగా అడుగుతున్నారు. అసలు తేడా ఉందా? (ఫార్మసీ విద్యార్థి)

జవాబు: ఉంది, అది చాలా పెద్ద తేడా. దీన్ని ఒకే వాక్యంలో దాటేసే పాఠ్యపుస్తకాలు విద్యార్థికి అన్యాయం చేస్తున్నాయని నా అభిప్రాయం. ఆస్మోలారిటీ ద్రావణానికి చెందిన అంకె. లీటరులో ఎన్ని అణువులు, అయాన్లు కరిగి ఉన్నాయో అది చెబుతుంది, అవి ఏ పదార్థానివన్న విచారణ దానికి లేదు. టానిసిటీ అంటే ఆ ద్రావణంలో పెట్టిన జీవకణం ఉబ్బుతుందా, ముడుచుకుంటుందా అన్నది. అది చెప్పాలంటే ద్రావణం ఒక్కటే చాలదు. దానిలో ఏ కణాన్ని పెడుతున్నాం, ఆ కణం త్వచం దేన్ని లోపలికి రానిస్తుంది, దేన్ని బయటే ఆపుతుంది అన్నది కూడా తెలియాలి. త్వచాన్ని దాటలేక బయటే నిలిచిపోయిన పదార్థానికే నీటిని లాగి పట్టుకునే శక్తి ఉంటుంది.

ప్రయోగశాలలో చేసి చూడదగిన ఉదాహరణ చెబుతాను. ఒక గొట్టంలో 0.9% ఉప్పు ద్రావణం, మరో గొట్టంలో 1.8% యూరియా ద్రావణం తీసుకోండి. యూరియా అణుభారం 60 కాబట్టి 1.8% అంటే లీటరుకు 300 మిల్లీమోల్స్. యూరియా అయాన్లుగా విడిపోదు కాబట్టి 300 మిల్లీఆస్మాల్స్. ఆస్మోమీటరు రెండింటికీ ఇంచుమించు దగ్గరి అంకెలే చూపిస్తుంది. ఇప్పుడు రెండింటిలోనూ ఒక్కో చుక్క రక్తం కలపండి. ఉప్పు గొట్టం కణాలు తేలుతూ మసకగా ఉండిపోతుంది. యూరియా గొట్టం కొద్ది సేపట్లోనే వెలుతురు ఇవతలి నుంచి అవతలికి కనిపించేంత తేటగా, ఎర్రగా మారిపోతుంది. అంటే కణాలు పగిలి హీమోగ్లోబిన్ నీటిలో కలిసిపోయింది.

కారణం ఇదీ. ఎర్ర రక్తకణ త్వచంలో యూరియాను దాటించే ప్రత్యేక వాహక ప్రోటీన్లు ఉన్నాయి. బయట గాఢంగా ఉన్న యూరియా లోపలికి చొరబడుతుంది. లోపల అప్పటికే పొటాషియం, హీమోగ్లోబిన్, ఫాస్ఫేట్లు బయటికి పోలేని స్థితిలో ఉన్నాయి. వాటికి యూరియా తోడయ్యేసరికి లోపలి గాఢత పెరిగి నీరు వెంటపడుతుంది, కణం ఉబ్బి పగులుతుంది. ఆ కణం దృష్టిలో యూరియా ద్రావణానికీ స్వేదనజలానికీ పెద్దగా భేదం లేదు. నీరు ఇంత వేగంగా దాటడానికి దారి ఇచ్చే ఆక్వాపోరిన్ ప్రోటీన్లను కనిపెట్టినందుకు పీటర్ ఏగర్‌కు 2003లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

అయితే సోడియం మాత్రం లోపలికి కారదా అంటే, కొద్దికొద్దిగా కారుతూనే ఉంటుంది. కణంలోని సోడియం పొటాషియం పంపు మూడు సోడియం అయాన్లను బయటికి నెట్టి రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెచ్చుకుంటూ ఆ చొరబాటును ఎప్పటికప్పుడు రద్దు చేస్తుంది. కాబట్టి 0.9% సెలైన్ ఐసోటానిక్ కావడం వెనుక కణం తన శక్తిని ఖర్చు పెట్టి నిరంతరం చేస్తున్న పని ఉంది. పంపు ఆగిన కణం అదే సెలైన్‌లో మెల్లమెల్లగా ఉబ్బుతుంది.

రోగి దగ్గర కూడా ఈ తేడా పనికొస్తుంది. లీటరుకు మిల్లీమోల్స్ లెక్కన సోడియం 140, గ్లూకోజ్ 5, యూరియా 40 ఉన్న మూత్రపిండాల రోగిని తీసుకుందాం. మొత్తం ఆస్మోలాలిటీ అంచనా వేయడానికి సోడియంను రెట్టింపు చేసి గ్లూకోజ్‌నీ యూరియానీ కలుపుతారు, 325 వస్తుంది. అంకె చూస్తే కణాలన్నీ ముడుచుకుపోయి ఉండాలనిపిస్తుంది. యూరియాను తీసేసి లెక్కిస్తే 285, అది మామూలు అంకె. యూరియా లోపలా బయటా సమానంగా పరుచుకొని ఉండడం వల్ల కణాలు ముడుచుకోవు. కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది. మెదడు నుంచి యూరియా బయటికి రావడానికి కొంత సమయం పడుతుంది. డయాలిసిస్‌తో రక్తంలోని యూరియాను మరీ త్వరగా తీసేస్తే మెదడులో మిగిలిన యూరియా ఆ కాసేపూ నీటిని లాగుతుంది, మెదడు ఉబ్బుతుంది. అందుకే ఎక్కువ యూరియా ఉన్న రోగికి తొలి డయాలిసిస్‌ను తక్కువ వేగంతో, తక్కువ సేపు చేస్తారు.

ప్రశ్న: ఎర్ర రక్తకణాలు 0.45% ఉప్పు ద్రావణంలో పగలడం మొదలవుతుందని ప్రాక్టికల్స్‌లో చూశాం. అదే 0.45% సెలైన్‌ను సిరలోకి ఎక్కిస్తారని విన్నాను. రోగి రక్తం పగిలిపోదా? (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ విద్యార్థి)

జవాబు: మీరు చూసింది ఆస్మాటిక్ ఫ్రాజిలిటీ పరీక్ష. ఎర్ర రక్తకణం రెండు పక్కలా లోతుగా నొక్కుకున్న బిళ్ల ఆకారంలో ఉండడం వల్ల త్వచం సాగకుండానే చాలా నీటిని లోపలికి తీసుకోగలదు. పూర్తిగా గోళాకారానికి వచ్చాక ఇక చోటు లేక పగులుతుంది. మామూలు రక్తంలో ఇది 0.5% నుంచి 0.45% మధ్య మొదలై 0.3% ప్రాంతానికి పూర్తవుతుంది. పుట్టుకతోనే కణాలు గోళాకారంలో ఉండే స్ఫెరోసైటోసిస్ రోగుల్లో అంతకంటే చిక్కని ద్రావణంలోనే పగలడం మొదలవుతుంది. థలసీమియాలో కణాలు పలచగా, ఖాళీగా ఉంటాయి కాబట్టి ఇంకా పలచని ద్రావణాన్ని కూడా తట్టుకుంటాయి.

గొట్టంలో చుక్క రక్తం చుట్టూ ఎటు చూసినా 0.45% ద్రావణమే. సిరలో అలా కాదు. బొట్లుబొట్లుగా దిగే ద్రావణం తన కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ప్రవహిస్తున్న రక్తంలో వెంటనే కలిసిపోతుంది కాబట్టి కణాలకు 0.45% గాఢత ఎదురుపడే అవకాశం దాదాపు ఉండదు. ఏ లవణమూ గ్లూకోజూ కలపని స్టెరైల్ నీటికి మాత్రం ఈ మినహాయింపు లేదు. దాన్ని ఎక్కువ మొత్తంలో నేరుగా సిరలోకి ఎక్కిస్తే కణాలు పగిలి, బయటపడిన హీమోగ్లోబిన్ మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.

అంటే 0.45% సెలైన్‌తో అసలు ప్రమాదం కణాలు పగలడం కాదు, రోజుల తరబడి ఎక్కిస్తే రక్తంలో సోడియం పడిపోవడం. జబ్బుగా ఉన్న పిల్లల్లో నీటిని పట్టి ఉంచే వాసోప్రెసిన్ హార్మోను ఎక్కువగా విడుదలవుతుంది, పలచని ద్రావణంలోని అదనపు నీరు మూత్రంగా బయటికి పోదు. ఈ కారణంగానే 28 రోజులు దాటిన శిశువుల నుంచి 18 ఏళ్ల వయసు దాకా, రోజువారీ అవసరానికి ఎక్కించే ద్రావణం ఐసోటానిక్‌గానే ఉండాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2018లో సూచించింది. కొన్ని ప్రత్యేక జబ్బులకు ఆ సూచన వర్తించదు.

ప్రశ్న: మా బంధువుకు తలకు దెబ్బ తగిలింది. గ్లూకోజ్ ఎక్కిస్తే బలం వస్తుంది కదా అని అడిగితే వైద్యులు వద్దన్నారు. 5% డెక్స్‌ట్రోజ్ కూడా ఐసోటానిక్ అని సీసా మీద చదివాను. మరి ఎందుకు వద్దన్నారు? (ఒక పాఠకుడు)

జవాబు: వైద్యులు చెప్పింది సబబే. 5% డెక్స్‌ట్రోజ్ లీటరులో 50 గ్రాముల గ్లూకోజ్ ఉంటుంది. గ్లూకోజ్‌ను నీటి అణువుతో కూడిన స్ఫటికంగా తూచారా, లేకుండా తూచారా అన్నదాన్ని బట్టి లీటరుకు 252 లేదా 278 మిల్లీఆస్మాల్స్ వస్తాయి. సీసాలో ఉన్నంత వరకు అది రక్తానికి దగ్గరగానే ఉంటుంది. సిరలోకి దిగాక ఇన్సులిన్ సాయంతో గ్లూకోజ్ కణాల్లోకి చేరి ఖర్చవుతుంది, మిగిలేది నీరు ఒక్కటే. ఆ నీటికి ఏ త్వచమూ అడ్డు కాదు.

ఒక లీటరు చొప్పున రెండు ద్రావణాలు శరీరంలో ఎలా పంచుకుంటాయో చూస్తే సంగతి తేలిపోతుంది. 0.9% సెలైన్‌లోని సోడియం కణాల్లోకి పోలేదు కాబట్టి ఆ లీటరంతా కణాల బయటే ఉంటుంది. సుమారు పావు వంతు రక్తనాళాల్లో నిలుస్తుంది, ముప్పావు వంతు కణాల చుట్టూ ఉండే ద్రవంలో చేరుతుంది. 5% డెక్స్‌ట్రోజ్ నుంచి మిగిలిన నీటిలో దాదాపు మూడింట రెండు వంతులు కణాల లోపలికే పోతుంది, రక్తనాళాల్లో మిగిలేది వంద మిల్లీలీటర్ల లోపే. కాబట్టి రక్తపోటు పడిపోయినప్పుడు అది ఆదుకోలేదు. మెదడు విషయంలో ఇంకో ఇబ్బంది ఉంది. పుర్రె గట్టిది, లోపల ఉబ్బిన కణాలకు అదనపు చోటు దొరకదు, ఒత్తిడి పెరుగుతుంది. దెబ్బ తగిలి అప్పటికే వాచిన మెదడుకు ఇది ఎంతమాత్రం మంచిది కాదు. బలం సంగతి కూడా చెప్పాలి. లీటరు 5% డెక్స్‌ట్రోజ్ ఇచ్చేది 200 కేలరీల లోపే.

ఇన్సులిన్ లేని మధుమేహ రోగిలో మాత్రం కథ మారుతుంది. గ్లూకోజ్ కణాల్లోకి పోలేక బయటే నిలిచి, సోడియం లాగే నీటిని కణాల్లోంచి లాగుతుంది, ఆ నీటి వల్ల రక్తంలో సోడియం అంకె తగ్గి కనిపిస్తుంది. డెసిలీటరుకు 100 మిల్లీగ్రాముల చొప్పున గ్లూకోజ్ పెరిగిన కొద్దీ సోడియం సుమారు 1.6 మిల్లీమోల్స్ తగ్గుతుందన్నది వాడుకలో ఉన్న అంచనా. ఒకే గ్లూకోజ్ ఒక రోగిలో ఉత్త నీరుగా, మరో రోగిలో ఉప్పులాగా ప్రవర్తించింది. సీసాలో ఎంత ఉందన్నది రెండు సందర్భాల్లోనూ ఒకటే.

ప్రశ్న: 3% సెలైన్ రక్తం కంటే మూడు రెట్లు చిక్కనిది కదా. కణాలు ముడుచుకుపోతాయని తెలిసి కూడా ఎందుకు ఎక్కిస్తారు? (నర్సింగ్ విద్యార్థిని)

జవాబు: ముడుచుకోవాలనే ఎక్కిస్తారు. 3% సెలైన్‌లో లీటరుకు 513 మిల్లీమోల్స్ సోడియం ఉంటుంది, అంటే అయాన్లు రెండూ కలిసి వెయ్యి దాటిన మిల్లీఆస్మాల్స్. రక్తంలో సోడియం బాగా పడిపోయి మెదడు కణాలు ఉబ్బి, మూర్ఛలు గానీ అపస్మారకం గానీ వచ్చిన రోగికి 100 నుంచి 150 మిల్లీలీటర్ల మోతాదులో దీన్ని త్వరగా ఎక్కిస్తే ఆ కణాల్లోని నీరు వెనక్కి వస్తుంది. సోడియం నాలుగైదు మిల్లీమోల్స్ పెరిగినా చాలు, ప్రాణాపాయం తప్పే అవకాశం ఉంది. చాలా గంటలు పరిగెత్తుతూ అవసరానికి మించి నీళ్లు తాగిన పరుగు పందేల క్రీడాకారుల్లో కూడా ఈ పరిస్థితి రావడం చూశారు.

తొందరపడి సోడియంను పూర్తిగా మామూలు స్థాయికి తెచ్చేయడం మాత్రం ప్రమాదం. సోడియం రోజుల తరబడి తక్కువగా ఉంటే మెదడు కణాలు ఉబ్బకుండా ఉండడానికి తమలోని పొటాషియంనూ, టారిన్, గ్లుటమేట్, మయో ఇనాసిటాల్ వంటి చిన్న అణువులనూ బయటికి పంపేస్తాయి. సుమారు రెండు రోజుల్లో ఈ సర్దుబాటు పూర్తవుతుంది. అప్పటికి ఆ కణాలకు పలచని రక్తమే అలవాటైన పరిసరం అవుతుంది. అలాంటి కణాలకు 0.9% సెలైన్ కూడా హైపర్‌టానిక్ (కణాల్లోని నీటిని బయటికి లాగేది) కావచ్చు. పోగొట్టుకున్న అణువులను తిరిగి సమకూర్చుకోవడానికి రోజులు పడుతుంది. ఈలోగా సోడియంను ఒక్కసారిగా పెంచితే కణాలు ముడుచుకుని, నరాల తంతువుల మీది మయలిన్ పొర దెబ్బతింటుంది. ఆస్మాటిక్ డీమయలినేషన్ అనే ఈ స్థితి మెదడు కాండంలోని పాన్స్ భాగంలో ముఖ్యంగా కనిపిస్తుంది, మాటా మింగడమూ చేతులూ కాళ్లూ పడిపోవచ్చు. అందుకే సోడియం పెంపును 24 గంటల్లో 8 నుంచి 10 మిల్లీమోల్స్ దాటనివ్వకూడదన్న జాగ్రత్తతో, మధ్యమధ్య రక్తపరీక్షలు చేస్తూ వైద్యం సాగిస్తారు.

23.4% సెలైన్ కూడా ఉంటుంది. ప్రాణాంతకమైన మెదడు వాపులో, పెద్ద సిరలోకి వేసిన గొట్టం ద్వారా, చిన్న మోతాదులో మాత్రమే ఇస్తారు. ఆ చిన్న సీసాను 0.9% సీసా పక్కన ఉంచడమే పొరపాటు.

ప్రశ్న: 23.4%, 0.9% ద్రావణాలు రెండూ కలిపి 500 మిల్లీలీటర్ల 3% ద్రావణం ఎలా చేయాలో లెక్క చెప్పండి. (డిప్లొమా విద్యార్థి)

జవాబు: లెక్క కోసమే చెబుతున్నాను. 500 మిల్లీలీటర్ల 3% ద్రావణంలో 15 గ్రాముల ఉప్పు ఉండాలి. మొత్తం 0.9% ద్రావణమే అయితే 4.5 గ్రాములే ఉంటుంది, 10.5 గ్రాములు తక్కువ. ఒక మిల్లీలీటరు 0.9% తీసి దాని స్థానంలో ఒక మిల్లీలీటరు 23.4% వేసినప్పుడల్లా 0.225 గ్రాములు పెరుగుతుంది. 10.5ని 0.225తో భాగిస్తే 46.7. కాబట్టి 46.7 మిల్లీలీటర్ల 23.4%, మిగతా 453.3 మిల్లీలీటర్ల 0.9%. రోగికి ఎక్కించే ద్రావణాన్ని మాత్రం తయారుగా దొరికేదే వాడాలి. దశాంశ బిందువు ఒక స్థానం జరిగితే ఏమవుతుందో పై జవాబు చదివితే తెలుస్తుంది.

ప్రశ్న: ఐసోటానిక్ అయితే చాలు కదా, మరి రింగర్స్ లాక్టేట్ వంటి ఇతర ద్రావణాలు ఎందుకు? (జంతుశాస్త్ర అధ్యాపకురాలు)

జవాబు: చాలదని చూపించింది ఒక కప్ప గుండె. 1880లలో లండన్‌లో సిడ్నీ రింగర్ వేరుచేసిన కప్ప గుండెలను ఉప్పు ద్రావణంలో కొట్టుకునేలా ఉంచుతూ ప్రయోగాలు చేశారు. కప్పకు 0.65% ప్రాంతంలోని ద్రావణమే ఐసోటానిక్, 0.9% దానికి చిక్కన. కుళాయి నీటితో చేసిన ద్రావణంలో గుండె చక్కగా కొట్టుకుంది, స్వేదనజలంతో చేస్తే బలహీనపడి ఆగిపోయింది. ఉప్పు గాఢత రెండింటిలోనూ ఒకటే. తేడా కుళాయి నీటిలోని కాల్షియంలో ఉందని ఆయన 1883లో ప్రకటించారు. కణం పరిమాణాన్ని కాపాడడం ఒక పని, దాన్ని పని చేయించడం మరో పని. టానిసిటీ మొదటిదానికే హామీ ఇస్తుంది.

రింగర్ ద్రావణానికి 1930లలో అలెక్సిస్ హార్ట్‌మన్ లాక్టేట్‌ను చేర్చారు. శరీరంలో అది బైకార్బొనేట్‌గా మారి ఆమ్లతను తగ్గిస్తుంది. దీనిలో లీటరుకు సోడియం 130, క్లోరైడ్ 109 వరకు ఉంటాయి. మొత్తం సుమారు 273 మిల్లీఆస్మాల్స్ కాబట్టి రక్తం కంటే కొంచెం పలచన, మెదడు వాపు ఉన్నవారికి అందుకే అంతగా ఇష్టపడరు. 0.9% సెలైన్ ఎక్కువ లీటర్లు ఎక్కిస్తే క్లోరైడ్ పెరిగి రక్తం ఆమ్లత వైపు మొగ్గుతుంది. దీనివల్ల రోగులకు హాని ఎంత అన్న చర్చ ఇంకా నడుస్తోంది. 2018లో వచ్చిన స్మార్ట్ అధ్యయనంలో ఐసీయూ రోగుల్లో మూత్రపిండాల తీవ్ర సమస్యలతో పాటు మరణాలను కూడా కలిపి లెక్కించగా, సెలైన్ ఇచ్చినవారిలో 15.4%, సమతుల ద్రావణాలు (రింగర్స్ లాక్టేట్ వంటివి) ఇచ్చినవారిలో 14.3% కనిపించాయి. 2022లో వచ్చిన ప్లస్ అధ్యయనంలో మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నా దృష్టిలో ఒకటి రెండు లీటర్ల దగ్గర ఇది పెద్ద వివాదం కాదు, అంతకు మించితే ఆలోచించాలి. రక్తం ఎక్కించే గొట్టంలో మాత్రం సెలైన్‌నే వాడతారు. రింగర్స్ లాక్టేట్‌లోని కాల్షియం, నిల్వ రక్తం గడ్డకట్టకుండా ఉంచే సిట్రేట్‌ను పట్టుకుంటుంది.

ప్రశ్న: స్వేదనజలంలో రక్తకణం పగిలితే మొక్క కణం, బ్యాక్టీరియా ఎందుకు పగలవు? (పదో తరగతి విద్యార్థి)

జవాబు: వాటికి త్వచం వెలుపల గట్టి కణకవచం ఉంటుంది. నీరు లోపలికి వచ్చేకొద్దీ లోపలి పీడనం పెరిగి, ఇక రానివ్వకుండా ఎదురు నెడుతుంది. లేత కాడ నిటారుగా నిలబడేది ఆ పీడనం వల్లనే. చిక్కని ద్రావణంలో మాత్రం కవచం కాపాడలేదు, త్వచం దాని నుంచి విడిపోయి లోపలికి ముడుచుకుంటుంది. దీన్ని ప్లాస్మోలైసిస్ అంటారు. పెరుగుతున్న బ్యాక్టీరియా కవచ నిర్మాణాన్ని పెన్సిలిన్ అడ్డుకుంటుంది, బలహీనపడ్డ చోట నీటి పీడనానికే అది పగిలి చస్తుంది. అదే బ్యాక్టీరియాను చక్కెర కలిపిన చిక్కని ద్రావణంలో ఉంచి పెన్సిలిన్ వేస్తే, కవచం పోయినా గుండ్రటి కణాలుగా బతికి ఉండగలవు. అంటే ఆ మందుతో పాటు చుట్టూ ఉన్న ద్రావణం పలచగా ఉండడం కూడా బ్యాక్టీరియా చావుకు అవసరమే.

ప్రశ్న: ఓ.ఆర్.ఎస్.లో ఉప్పు తగ్గించారట. విరేచనాల్లో పోయేది ఉప్పే కదా? (ఒక పాఠకురాలు)

జవాబు: పేగులోకి చేరిన ద్రావణం చిక్కగా ఉంటే నీరు శరీరంలోంచి పేగులోకి రావచ్చు, అది మనకు కావలసిన దానికి వ్యతిరేకం. పాత ఓ.ఆర్.ఎస్. 311 మిల్లీఆస్మాల్స్ ఉండేది. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ దాన్ని 245కి తగ్గించాయి. ఇప్పుడు లీటరుకు సోడియం 75, గ్లూకోజ్ 75 మిల్లీమోల్స్ ఉంటాయి. పేగు గోడలోని ఒక వాహక ప్రోటీన్ సోడియంనూ గ్లూకోజ్‌నూ జతగా లోపలికి తీసుకుంటుంది, నీరు వాటి వెంట వస్తుంది. ఈ మార్పు వల్ల విరేచనాల పరిమాణం, వాంతులు తగ్గాయి. పొట్లం మీద చెప్పిన కొలత కంటే తక్కువ నీటిలో కలిపితే ఈ లాభమంతా పోతుంది.

ప్రశ్న: ముక్కు కడుక్కోవడానికి ఉత్త నీళ్లు వాడితే మండుతోంది, ఉప్పు నీళ్లతో మండడం లేదు. ఆ నీటినే కాంటాక్ట్ లెన్సులకు వాడవచ్చా? (ఒక పాఠకురాలు)

జవాబు: ముక్కు లోపలి పొర కణాలు ఉత్త నీటిలో ఉబ్బుతాయి, నరాల చివరలు అందుకే మండుతాయి. పావు లీటరు నీటికి రెండుంబావు గ్రాముల ఉప్పు కలిపితే 0.9% అవుతుంది. చెంచాతో కాకుండా తూచి వేసుకోవడం మేలు, ఎందుకంటే పొడి ఉప్పూ రాళ్ల ఉప్పూ ఒకే చెంచాలో ఒకే బరువు తూగవు. ముక్కు బాగా దిబ్బడ వేసినప్పుడు 2 నుంచి 3% ద్రావణం వాడేవారూ ఉన్నారు. అది వాచిన పొరలోని నీటిని బయటికి లాగుతుంది, కొంత మంట కూడా పెడుతుంది. ఏ శాతమైనా నీరు మాత్రం మరగబెట్టి చల్లార్చినది గానీ, స్వేదనజలం గానీ అయి ఉండాలి. మరగని నీటిలో ఉండగల నేగ్లేరియా ఫౌలెరి అనే అమీబా ముక్కు ద్వారా మెదడుకు చేరితే దాదాపు ప్రతిసారీ ప్రాణం పోతుంది.

లెన్సులకు మాత్రం ఆ నీటిని వాడవద్దు. ఇంట్లో కలిపిన ఉప్పు నీటి గాఢత కన్నీటికి సరిపోవచ్చు గానీ, అది స్టెరైల్ కాదు, దానిలో సూక్ష్మజీవులను చంపే పదార్థమూ లేదు. అకాంథమీబా అనే మరో అమీబా అలాంటి నీటి నుంచి లెన్సుకు అంటుకుని నల్లగుడ్డు మీది పారదర్శక పొరను తినేస్తుంది, చూపు పోయే ప్రమాదం ఉంది. దుకాణంలో దొరికే సాదా సెలైన్‌తో లెన్సును కడగవచ్చు కానీ రాత్రంతా నానబెట్టి శుద్ధి చేయడానికి అది పనికిరాదు, దానికి క్రిమిసంహారక ద్రావణం వేరే ఉంటుంది.